తల మీద లోగో

రేపల్లె,
జులై, మొదటి ఆదివారం.

ఏమే కౌముదీ,

ఉత్తరం చూసి కంగారుపడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఈ రోజుల్లో పోస్టులో ఉత్తరమేంటని మీ ఆయన నవ్వుతాడు, నవ్వనీ. నా ఫోను ఇప్పుడు నాది కాదే. పొద్దున్నే మా సెంటరు పిల్లల చేతికి వెళ్తే సాయంత్రానికి నీరసించి ఛార్జరుకి వేలాడుతుంది. అంతా మీ ఆఫీసు దయ. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి ఉచిత ఆన్‌లైన్ పాఠాలని మీరు పెట్టిన ఆ ‘చదువుల చలివేంద్రం’ రోజూ చూపించి తీరాలని మాకు ఆర్డరొచ్చింది. చూపించడానికి ఫోను మాత్రం రాలేదు. పోనీ నీతో మాట్లాడదామని ఎప్పుడు ఫోన్ చేసినా “మీటింగ్‌లో ఉన్నానే” అంటావు. ఉత్తరానికి ఆ మాట చెప్పలేవుగా, అందుకని రాస్తున్నాను.

చలివేంద్రం అని పేరు పెట్టింది మీ పెద్దాయన వెంకటకృష్ణయ్య గారేనా? పేరు భలేగా ఉంది. కుండ తీసుకెళ్ళి కొబ్బరిచెట్టు మీద కట్టి, ఉచితమే, ఎక్కి తాగండి అన్నట్టుంది వ్యవహారం. మా దగ్గర కనకదుర్గ అని ఎనిమిదో తరగతి పిల్ల ఉంది, పుట్టుకతోనే చూపు లేదు. దాని కోసం మీ ‘అంధ విద్యార్థుల విభాగం’ తెరిచాను. సోషల్ పాఠం వచ్చింది. “పిల్లలూ, ఈ పటంలో ఎర్ర రంగు వేసిన భాగాన్ని జాగ్రత్తగా గమనించండి” అన్నాడు మీవాడు. “గమనిస్తున్నానండీ!” అంది కనకదుర్గ. దానికి వెటకారం కాస్త ఎక్కువ, నా పెంపకమేలే.

ఇక రూతు సంగతి. పెనుమూడి యోబు కూతురు, ఈ ఏడు పదో తరగతి. పుట్టినప్పటి నుంచీ వినపడదు. సైగల భాషలో దాని వేగం నేనే అందుకోలేను. దానికి మీ వీడియో పెడితే, మూలన చిన్న గుండ్రంలో ఒకావిడ చేతులు తిప్పుతూ ఉంటుంది. పాఠం సైగల్లో చెబుతోందన్నమాట. ఆ గుండ్రంలో పై సగం నిండా మీ ఆఫీసు లోగో! ఆవిడ మెడ దాకే కనపడుతుంది. సైగల భాషలో మొహమే సగం భాష అని మీకెవరూ చెప్పలేదా? కనుబొమ్మ ఎత్తితే ప్రశ్న, మూతి బిగిస్తే కాదని. తల తీసేసి మిగతాది చూపిస్తే పిల్లకి ఏం తెలుస్తుంది? ఆ చేతులకైనా ఏమైనా వచ్చా అంటే అదీ లేదు, పళ్ళెం మీద ఈగలు తోలుతున్నట్టుంది. నీటి చక్రం పాఠం అలాగే చూసి, యూనిట్ టెస్టులో రూతు “సముద్రం పైకి వెళ్ళి ఏడ్చింది” అని రాసింది. సైన్సు మాస్టారు సున్నా పెట్టాడు. నేనైతే పూర్తి మార్కులేసేదాన్ని.

మా పిల్లలకొక పద్ధతుందే. మనుషులకి పేర్లు చేత్తో పెడతారు. మనిషిలో దేన్ని మొదట చూస్తే అదే పేరు, ఒకసారి పెట్టాక ఎంత బతిమాలినా మార్చరు. నా పేరు గొడుగు తెరవడం. హెడ్మాస్టరు పేరు ముక్కు గోక్కోవడం. మీ పెద్దాయన ఒకసారి వచ్చి సన్మానం చేయించుకుని వెళ్ళాడు, ఆయన పేరు రెండు భుజాల మీదా శాలువా సర్దుకోవడం. ఆ వీడియో ఆవిడకి రూతు పెట్టిన పేరు చెప్పనా? అరచెయ్యి మెడ మీద అడ్డంగా కోసి, మణికట్టు గలగలా ఆడించడం. తలలేని గాజులావిడ అని. ఎవరే ఆవిడ?

అసలు సంగతి ఇప్పుడు. పాఠాలన్నీ ఉచితంగా ఫోనులోనే ఉండగా ఇంక సెంటరెందుకు, టీచరెందుకు అని మా సెంటరు ఎత్తేస్తారట, నిజమేనా? ఎత్తేస్తే రూతు చదువు ఆగినట్టే. వాళ్ళ మేనత్త వేటపాలెంలో జీడిపప్పు కంపెనీలో పనిచేస్తుంది. “నోరు లేకపోతే ఏంటన్నయ్యా, చేతులున్నాయిగా, పంపించు” అని యోబుని ఒకటే పోరు. అతను ఊగుతున్నాడు. నువ్వు ఆ ఆఫీసులోనే ఉన్నావు గనక అడుగుతున్నాను. లోగో కాస్త జరపమను, సెంటరు సంగతి కనుక్కో.

నీ ఫ్లోరెన్స్

---

తెనాలి,
జులై నెలాఖరు.

ప్రియమైన ఫ్లోరెన్స్‌కు,

నీ ఉత్తరం అందింది. చాలా సంతోషం. మా ఆయన నిజంగానే నవ్వారు. తర్వాత నా చేతిలోంచి లాక్కుని రెండుసార్లు చదివారు.

నువ్వు రాసిన అంశాల్లో కొంత వాస్తవం లేకపోలేదు. అయితే ఏ కార్యక్రమమైనా మొదట్లో చిన్న చిన్న లోటుపాట్లు సహజం. చదువుల చలివేంద్రానికి వస్తున్న ఆదరణ నీకు తెలియదు. వ్యూస్ చూసి వెంకటకృష్ణయ్య గారు పొంగిపోతున్నారు. లోగో ఎంత ఉండాలి, ఎక్కడ ఉండాలి అన్నది పైనుంచి వచ్చిన నిబంధన, మన చేతిలో లేదు. చూపులేని పిల్లల వీడియోల విషయం సంబంధిత విభాగం దృష్టికి తీసుకెళ్తాను.

ఆ గాజులావిడ ఎవరో కాంట్రాక్టు మీద వచ్చిన మనిషి. నాకు పెద్దగా పరిచయం లేదు. పాపం ఆవిడ కూడా తనకు చేతనైనంత చేస్తోందేమో, మరీ ఈగలు తోలడం అనాలా?

సెంటరు విషయం పరిశీలనలో ఉంది. ఇంతకు మించి రాయలేను. నా ఉద్యోగం కూడా ఏటా జనవరిలో రెన్యూవల్ కావలసిందేనని నీకు తెలుసు కదా. రోజూ తెనాలి నుంచి బాపట్లకి రైల్లో నిలబడి వెళ్ళొస్తున్నాను. పిల్లలకు నా ఆశీస్సులు.

ఇట్లు,
కౌముది

---

రేపల్లె,
ఆగస్టు.

మహారాజశ్రీ పరిశీలనలో ఉన్న కౌముది గారికి,

అంశాలు, వాస్తవాలు, లోటుపాట్లు, సంబంధిత విభాగం. ఉత్తరం చదువుతుంటే కింద రబ్బరు స్టాంపు ఎక్కడుందా అని వెతికాను. బాపట్ల బీఎడ్ హాస్టల్లో నా మంచం మీద కూర్చుని వార్డెన్ నడక నడిచి చూపించి మమ్మల్ని నవ్వించి చంపిన పిల్ల నువ్వేనా?

గాజులావిడతో పెద్దగా పరిచయం లేదన్నావు. నాకుందే. కుడి మణికట్టు మీద త్రికోణంలా కాలిన మచ్చ ఉంటుంది ఆవిడకి. ప్రాక్టికల్ పరీక్ష రోజు పొద్దున ఇస్త్రీపెట్టె మీద పడితే అయిన మచ్చ. దానికి నా టూత్‌పేస్టు సగం రాసింది నేనే. మొదటి వీడియో మొదటి నిమిషంలోనే గుర్తుపట్టాను. నువ్వే చెబుతావేమోనని అడిగాను. నువ్వేమో పాపం ఆవిడ అంటూ నీ మీద నువ్వే జాలిపడుతూ రాశావు. సిగ్గు లేదటే!

నవ్వొచ్చిన మాట నిజం. ఆ తర్వాత ఏడుపొచ్చింది, అది కూడా రాస్తున్నాను. నా పిల్ల సున్నా తెచ్చుకుంది నీ చేతుల వల్ల.

ఫ్లోరెన్స్

---

బాపట్ల,
సెప్టెంబరు.

ఒసే ఫ్లోరెన్సూ,

ఆఫీసులో మధ్యాహ్నం క్యారేజీ పక్కన పెట్టుకుని రాస్తున్నాను. నీ ఉత్తరం చదివి ముందు చాలా కోపం వచ్చింది. నెల రోజులు జవాబివ్వకూడదనుకున్నాను, ఇవ్వలేదు కూడా. ఇప్పుడు కోపం తగ్గింది, సిగ్గు మిగిలింది.

నేనేనే. సైగలు చెప్పేవాళ్ళు కావాలని ప్రకటన ఇచ్చారు. నిజంగా వచ్చినవాళ్ళు వచ్చారు, వాళ్ళకివ్వాల్సిన జీతం విని మా పెద్దాయన నొచ్చుకున్నారు. “కౌముది గారూ, మీరు వీణ నేర్చుకున్నారటగా, చేతులు బాగా తిరుగుతాయి” అని నన్ను మూడు రోజుల శిక్షణకి పంపారు. ఒక రోజు ప్రారంభోత్సవం, ఒక రోజు ముగింపు సభ. మధ్య రోజు నేర్చుకున్నదే నువ్వు చూస్తున్నది.

లోగో సంగతి కూడా చెప్పేస్తాను. అది పైనుంచి వచ్చిన నిబంధనేమీ కాదు. ఎడిటింగ్ కుర్రాడు “మేడమ్, మీ మొహం పోతోంది, కిందకి జరపనా” అని అడిగాడు. ఉండనీ బాబూ అన్నాను. నాకు రాదని నాకు తెలుసు కదా, మొహం కనపడకపోతేనే నయమనుకున్నాను. దానివల్ల ఒక పిల్లకి సున్నా వస్తుందని తోచలేదు.

ఇక అసలు వార్త. సెంటర్లు ఎత్తేసే ఫైలు తయారైంది. డిసెంబరు మూడున, దివ్యాంగుల దినోత్సవం సభలో ప్రకటిస్తారు. ఆ సభలో చలివేంద్రం వల్ల బాగుపడిన విద్యార్థి చేత మాట్లాడించాలని పెద్దాయన కోరిక. మొత్తంలోకీ ఎక్కువసార్లు వీడియోలు చూసిందెవరని తీస్తే మీ రూతు లాగిన్ వచ్చింది! నీటి చక్రం ఒక్కటే అన్నిసార్లు చూసిన పిల్ల ఇంకెవరూ లేరట. “చూశారా, మా పాఠమంటే ఎంత ప్రేమో” అని ఆయన కళ్ళు తుడుచుకున్నారు. సభలో రూతు సైగల్ని మైకులో తెలుగులో చెప్పాల్సింది నేను.

ఏం చెయ్యమంటావు?

కౌముది

---

రేపల్లె,
అక్టోబరు మొదట్లో.

ఏమే,

ఇప్పుడు నువ్వు నా కౌముదివి. స్టాంపు లేకుండా రాశావు.

రూతు ఆ వీడియో అన్నిసార్లు ఎందుకు చూసిందో మీ పెద్దాయనకి చెప్పు. అర్థం కాక చూసిందే! తలలేని ఆవిడ ఏం చెబుతోందో కనిపెట్టాలని, వెనక్కి తిప్పి, ఆపి, మళ్ళీ తిప్పి, నా ఫోను కాలిపోయేదాకా చూసింది. వినికిడి లేని పిల్ల కదా, తన భాష మాట్లాడే పెద్దవాళ్ళు దానికి నేను తప్ప ఎవరూ తెలీదు. ఇంకో మనిషి దొరికిందని ఆశపడింది. మొదటిసారే అర్థమయ్యుంటే ఒక్కసారి చూసి వదిలేసేది. పిల్లలకి ఎంత అర్థం కాకపోతే మీకు అంత ఆదరణన్నమాట. మీ ఆఫీసులో ఇంకా శాలువాలు మిగిలుంటే ఆ లెక్క కనిపెట్టినవాడికి ఒకటి కప్పండి.

ఏం చెయ్యమంటావని అడిగావు కనక చెబుతున్నాను. ఆదివారాలు రేపల్లె రైలెక్కు. నేను చర్చి నుంచి వచ్చేసరికి పదకొండవుతుంది, ఇంట్లో అన్నం తిందాం. రూతు వస్తుంది, అదే నీకు నేర్పుతుంది. వీడియోలో ఆవిడ నువ్వేనని దానికి నేను చెప్పలేదు. చెప్పడం నీ పని.

ఫ్లోరెన్స్

---

తెనాలి,
నవంబరు మధ్యలో.

ఫ్లోరెన్సూ,

నిన్న రైలు దిగి ఇంటికొచ్చాక అద్దం ముందు కూర్చుని కనుబొమ్మలు ఎగరేస్తుంటే మా ఆయన చూసి “డాక్టరు దగ్గరికి వెళ్దామా?” అన్నారు.

మీ రూతుకి దయాదాక్షిణ్యాలు లేవే. నా చేతులు తప్పుపోతే వేళ్ళ మీద ఒక్కటిస్తుంది. చేతులైనా ఫరవాలేదంటుంది గానీ నా మొహం చూసి నిన్న నీ వైపు తిరిగి ఏదో అంది, నువ్వు పడీపడీ నవ్వావు. ఇంటికొచ్చాక అర్థమైంది. “ఈవిడ మొహం గోడలా ఉంది” అందిగా! ఇన్నేళ్ళు ఆఫీసులో కూర్చుని, ఎవరేమన్నా మొహంలో ఏమీ కనపడకుండా ఉండటమే నేర్చుకున్నాను. ఆ పిల్ల ముందు కూర్చుంటే అదెంత దరిద్రమో తెలిసింది. అయినా నిన్న నీటి చక్రం మొత్తం చెప్పాను. సముద్రం ఈసారి ఏడవలేదు. రూతు నా బుగ్గ గిల్లింది, అంత సంతోషం నాకు ఈ మధ్య కలగలేదే.

గాజులు తీసేసి, మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు వేసుకుని వస్తున్నాను. ఇంకా చెప్పలేదు దానికి. ఇన్ని ఆదివారాలు వచ్చినా నాకు పేరు పెట్టలేదేంటి? సెంటరుకొచ్చే పాలవాడికి కూడా పేరుంది. ఊరికే, అడుగుతున్నాను.

చెప్పకూడదనుకుంటూనే ఇంకోటి చెబుతున్నాను. సభలో నేను మైకులో చదవాల్సింది పెద్దాయన రాసిచ్చేశారు. “అందరికీ నమస్కారం. చదువుల చలివేంద్రం నా దాహం తీర్చింది. ఇప్పుడు నాకు సెంటరుతో పనిలేదు, టీచరుతో పనిలేదు. నా ఫోనే నా బడి.” రూతు ఏం చెప్పినా నేను చదవాల్సింది ఇదేనట. వెంటనే ఆయన లేచి సెంటర్ల సంగతి ప్రకటిస్తారు. కాదంటే జనవరిలో నా రెన్యూవల్ ఉండదని నవ్వుతూనే చెప్పారు. మా ఆయన షాపు సంగతి నీకు తెలుసు, నా జీతం మీదే ఇల్లు నడుస్తోంది.

నేను చదివేస్తానే. నా మీద ఆశలు పెట్టుకోకు.

కౌముది

---

రేపల్లె,
నవంబరు నెలాఖరు.

కౌముదీ,

చదువు.

నేను బతిమాలను. నీ ఇల్లు గడవద్దని నేనెలా అంటాను? రూతుని వాళ్ళ నాన్న తీసుకొస్తాడు. నన్ను రావద్దన్నారు. ఆ రోజు సెంటర్లోనే ఉండి మిగతా పిల్లలకి సభని నా ఫోనులో లైవ్ చూపించాలట.

ఏం మాట్లాడాలో రూతు పదిరోజులుగా సాధన చేస్తోంది. ఉతికిన యూనిఫాం విడిగా తీసి పెట్టుకుంది. నీ చేతిలో వేరే కాగితం ఉందని దానికి చెప్పలేదు. చెప్పడానికి నాకు చేతులు రాలేదు. దానికెలాగూ వినపడదు కదా, మైకులో నువ్వేం చదివినా దానికి తెలీదు. మీ పెద్దాయన ధైర్యం అదే. నీ ధైర్యం కూడా అదేనని నేననుకోలేదు.

ఫ్లోరెన్స్

---

తెనాలి,
డిసెంబరు ఐదు.

ఫ్లోరెన్సూ,

నీకు ఫోన్ చేస్తే ఎవరో పిల్ల ఎత్తి “టీచరు గారు మాతో మాట్లాడట్లేదండీ, ఏడుస్తన్నారు” అంది. కనకదుర్గే అయ్యుంటుంది. రూతు స్టేజీ ఎక్కి చేతులెత్తేసరికి లైవ్ ఆగిపోయి బొంగరం తిరిగిందటగా. మా చలివేంద్రం చివరిదాకా మాట నిలబెట్టుకుంది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పెద్ద హాలు. ముందు వరసల్లో సోఫాలు, వెనక బస్సుల్లో తెచ్చిన పిల్లలూ తల్లిదండ్రులూ. మా పెద్దాయనకి శాలువాలు కప్పుతూనే ఉన్నారు. రూతుని పిలిచారు. నేను పక్కన మైకు దగ్గర, చేతిలో కాగితం.

రూతు మొదలుపెట్టింది. ఎంత స్పష్టంగా చెప్పిందే! నాకు ఒక్క ముక్క పోలేదు. పోయుంటే బాగుండేదని కూడా ఒక్క క్షణం అనిపించింది. నేను కాగితం విప్పి “అందరికీ నమస్కారం. చదువుల చలివేంద్రం నా దాహం తీర్చింది” అని చదివాను. జనం నవ్వుమొహాలతో చప్పట్లు కొట్టారు. అప్పుడు రూతు ఆగిపోయింది.

అది జనం మొహాలు చూస్తోంది. దానికి తెలీదని రాశావే, ఎలా తెలీకుండా ఉంటుంది! దానికి మొహాలే చెవులు. అప్పటికి అది చెప్పింది ఏంటో తెలుసా? “ఆ వీడియో నాకు అర్థం కాలేదు. అందులో ఆవిడ తల కోసేశారు. తల ఎవరు కోశారు?” తల కోశారంటే హాలంతా నవ్వుతూ చప్పట్లు కొడుతోందేంటని దాని కళ్ళు వెతుకుతున్నాయి. తర్వాత తిరిగి నా మొహం వంక చూసింది.

గోడలా పెడదామని చూశాను. ఆదివారం అన్నాలు తిని, వేళ్ళ మీద దెబ్బలు తిని నేర్చుకున్న మొహం, ఇంక గోడలా ఉండనంది. ఏడుపొచ్చేసింది. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకున్నాను.

“క్షమించండి, ఇందాక చదివింది ఈ పిల్ల మాట కాదండీ. ఇప్పుడు చెప్పేది దాని మాట” అన్నాను. మళ్ళీ మొదటినుంచి చెప్పమని రూతుకి సైగ చేశాను. అది చెప్పింది, నేను పలికాను. వీడియో చాలాసార్లు చూశాను, అర్థం కాకే చూశాను. గొడుగు టీచరు చెబితే ఒక్కసారికే అర్థమవుతుంది. గొడుగు టీచరుని తీసెయ్యకండి. తీసేస్తే నన్ను జీడిపప్పు పనికి పంపిస్తారు, నేను పోను, నాకు పది పాసవ్వాలి. తల ఎవరు కోశారు?

ఆ చివరి ప్రశ్నకి నేనే జవాబు చెప్పాను. “ఆ తలలేనిదాన్ని నేనేనండీ. అప్పుడు నాకు ఈ భాష రాదు, రాదని తెలీకూడదని లోగో ఉంచేశాను” అని మైకులో అని, జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని రూతుకి మచ్చ చూపించాను. మెడ మీద అడ్డంగా కోసుకుని, లేని గాజులు ఆడించాను. అది నా వంకే చూస్తూ నిలబడింది. దాని మొహంలో ఏముందో నాకు తెలియలేదు, కళ్ళనిండా నీళ్ళు నాకు.

వెనక నుంచి వేమూరు నుంచి వచ్చిన ఒకావిడ లేచింది. “మా వాడికీ అంతేనండి, ఏం తెలవట్లేదండి, ఊరికే ఫోను తిప్పుతున్నాడండి” అంది. తర్వాత యోబు లేచాడు. “సారూ, మా పిల్ల ఇంత మాట్లాడుద్దని నాకే తెలవదు. ఆ సెంటరు తీయకండి సారూ” అన్నాడు. ఆ తర్వాత ఎవరు లేచారో ఎవరు కూర్చున్నారో తెలీదు, స్టేజీ చుట్టూ తల్లిదండ్రులే. మా పెద్దాయన ప్రకటన కాగితం శాలువాల కింద ఎక్కడో పోయింది. “మైకు సాంకేతిక లోపం” అని సభ ముగించేశారు.

మర్నాడు పేపరు చూశావా? “నా ఫోనే నా బడి: బధిర విద్యార్థిని ఆనందబాష్పాలు”. ప్రెస్ నోటు ముందురోజు సాయంత్రమే పంపేశారటలే! ఆనందబాష్పాలు కూడా ముందే రాసుకున్నారు.

నిన్నటి నుంచి నన్ను వీడియోల్లోంచి తీసేసి పుస్తకాల గోడౌన్లో కూర్చోబెట్టారు. జనవరి సంగతి అడగకు. మా ఆయనకి చెప్పాను. లేచి వెళ్ళి టీ పెట్టి తెచ్చిచ్చారు. భయంగానే ఉందే, లేదనను. రూతు నన్ను తిట్టుకుంటోందా? ఆ ఒక్కటీ చెప్పు చాలు.

నీ కౌముది

---

రేపల్లె,
జనవరి, రెండో ఆదివారం.

నా కౌముదీ,

రెన్యూవల్ రాలేదని నీ మెసేజీ చూశాను. దేవుడు మీ పెద్దాయనకి ఇంకో పది శాలువాలు ప్రసాదించుగాక, వాటి బరువుకి కాస్త వంగుతాడేమో. నువ్వు దిగులుపడకు అని ఊరికే అనను. దిగులుపడు, కానీ ఇక్కడికొచ్చి పడు. వినికిడి లేని పిల్లలకి సైగలు తెలిసిన మనిషి కావాలని మా చర్చి బడివాళ్ళు అడుగుతున్నారు. జీతం తక్కువే, లోగో మాత్రం ఉండదు.

మా సెంటరు ఉంది. “తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు” ఉందట. అంటే మళ్ళీ పరిశీలనలోకి వెళ్ళిందన్నమాట. ఈలోగా పబ్లిక్ పరీక్షలు అయిపోతాయి, నాకది చాలు. వేటపాలెం నుంచి మేనత్త వచ్చింది. యోబు “నా కూతురు బాపట్లలో మైకులో మాట్లాడింది, నువ్వెప్పుడైనా మాట్లాడావా?” అని కాఫీ ఇచ్చి బస్సెక్కించాడు.

మీ చలివేంద్రం నిన్న తెరిచాను. నిన్ను తీసేశారు కదా, గుండ్రం ఖాళీగా ఉంటే బాగుండదనుకున్నారో ఏంటో, ఇప్పుడు గుండ్రం నిండా లోగోనే. వినికిడి లేని పిల్లల విభాగంలో పాఠమంతా లోగో అలా కదలకుండా ఉంది. అదెప్పటికైనా చేతులు పెడుతుందేమోనని పిల్లలు కాసేపు ఎదురుచూశారు.

ఇక నువ్వడిగిన మాట. రూతుకి నువ్వెవరో మొదటి ఆదివారమే తెలుసట! అన్నం వడ్డించుకుంటుంటే నీ జాకెట్టు చెయ్యి పైకి జరిగి మచ్చ కనపడిందట. “మరి నాకెందుకు చెప్పలేదే?” అంటే, “ఆవిడే చెప్పాలి కదా” అంది. నీకు పేరెందుకు పెట్టలేదో కూడా అడిగాను. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. “ఆవిడకి పేరుందిగా! ఉన్న మనిషికి మళ్ళీ పెడతామా?” అంది.

ఒకసారి పెట్టిన పేరు మార్చరని నీకు చెప్పాను. మార్చలేదే. అరచెయ్యి మెడ మీద అడ్డంగా కోయడం, మణికట్టు గలగలా ఆడించడం, అంతా అలాగే ఉంది. బాపట్ల నుంచి వచ్చాక చివర ఒక ముక్క కలిపింది. ఇప్పుడు సెంటర్లో అందరూ నిన్ను అలాగే అంటున్నారు. కనకదుర్గ చూడలేదు కదా, దాని రెండు చేతులూ పట్టుకుని రూతే నేర్పించింది. మెడ కోసి, గాజులు ఆడించి, తర్వాత రెండు చేతులతో కింద నుంచి కుండ ఎత్తినట్టు ఎత్తి, మెడ మీద పెట్టుకుంటారు. పెట్టాక పైనుంచి కొంచెం నొక్కుతారు, మళ్ళీ పడిపోకుండా.

వచ్చే ఆదివారం గాజులేసుకుని రా.

నీ ఫ్లోరెన్స్